డొమైన్ కట్టాం, క్లస్టర్ ఎందుకు రాలేదు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అప్లికేషన్ సర్వర్ల (జావా అప్లికేషన్లని నడిపించే సాఫ్ట్‌వేర్) గురించే. పోయిన సంచికలో మాటల్లో మాటగా జేబాస్ అనే అలాంటి సర్వర్ పేరు ఎత్తాను, అంతే, వీటిని చూసుకునే మిడిల్‌వేర్ వాళ్లంతా ఒక్కసారిగా మేలుకున్నారు (వాళ్లు మామూలుగానే మేలుకుని ఉంటారు, నైట్ షిఫ్టులు కదా). ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా అడిగినవాళ్లు ఉన్నారు, వాటిని కలిపేశాను. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊరి పేర్లతోనే సరిపెడుతున్నాను.

ప్రశ్న: మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మూడు మెషీన్ల మీద ఆరు వైల్డ్‌ఫ్లై (జేబాస్‌కి తర్వాత పెట్టిన పేరు) సర్వర్లు నడుస్తున్నాయి. డేటాబేస్ పాస్‌వర్డ్ మారిస్తే ఆరు చోట్లా చేత్తో మార్చాలి, ఒక చోట మరిచిపోతే ఆ రోజంతా టెన్షన్. డొమైన్ మోడ్ పెట్టుకోమని ఒకాయన చెబితే పెట్టాం. అడ్మిన్ కన్సోల్‌లో ఆరూ చక్కగా కనిపిస్తున్నాయి. కానీ ఒక సర్వర్ ఆపగానే దాని మీదున్న యూజర్లు లాగౌట్ అయిపోతున్నారు. డొమైన్ కట్టాక కూడా క్లస్టర్ ఎందుకు రాలేదు? (విజయవాడ)

జవాబు: రాదు. ఎందుకంటే డొమైన్ వేరు, క్లస్టర్ వేరు. మీ ఒక్కరికే కాదు, ఈ పొరపాటు అందరికీ జరుగుతుంది, నేను కూడా మొదట్లో చాలాకాలం రెండూ ఒకటే అనుకుని తిరిగాను.

ఆర్టీసీ డిపోని గుర్తు తెచ్చుకోండి. ఏ బస్సు ఏ రూటుకి వెళ్లాలి, ఎన్నింటికి బయల్దేరాలి, డ్రైవర్ ఎవరు, ఇదంతా డిపోలో నిర్ణయమవుతుంది. అది డొమైన్ పని. ఇక దారిలో బస్సు చెడిపోయిందనుకోండి, కండక్టర్ మనందర్నీ దింపి వెనకాల వచ్చే బస్సు ఎక్కిస్తాడు, ఆ రెండో కండక్టర్ మన పాత టికెట్‌నే ఒప్పుకుంటాడు. అది క్లస్టర్ పని. డిపో ఎంత పద్ధతిగా నడిచినా రెండో కండక్టర్‌కి మన టికెట్ సంగతి తెలియకపోతే మళ్లీ డబ్బులు తీయాల్సిందే. మీ యూజర్లకు జరిగింది అదే, మళ్లీ లాగిన్ అవ్వమని అడిగారు.

డొమైన్ మోడ్ 2011లో జేబాస్ ఏఎస్ 7తో వచ్చింది, ఆ సర్వర్‌నే 2014లో వెర్షన్ 8 నుంచి వైల్డ్‌ఫ్లై అంటున్నారు. అందులో ఒక మెషీన్ డొమైన్ కంట్రోలర్. మొత్తం కాన్ఫిగరేషన్ దాని దగ్గరున్న డొమైన్ ఫైలులో ఉంటుంది. మిగతా ప్రతి మెషీన్ మీదా ఒక హోస్ట్ కంట్రోలర్ ఉండి, ఆ కాన్ఫిగరేషన్ తెచ్చుకుని తన మీదున్న సర్వర్లను నడుపుతుంది. ఒకే రకంగా ఉండాల్సిన సర్వర్లను ఒక సర్వర్ గ్రూపులో పెడతాం, ఆ గ్రూపుకి ఒక ప్రొఫైల్ (సర్వర్‌లో ఏయే సర్వీసులు ఉండాలో చెప్పే సెట్టింగుల కట్ట) తగిలిస్తాం. మీ పాస్‌వర్డ్ ఇక ఒక్కచోట మారిస్తే చాలు. డొమైన్ మీకిచ్చే లాభం అంతవరకే. సెషన్లు (ఎవరు లాగిన్ అయ్యారు, ఏం చేస్తున్నారు అని సర్వర్ పెట్టుకునే గుర్తులు) ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ అవుతాయని అది ఎక్కడా మాటివ్వలేదు. తిరగేసి చూసినా అంతే, డొమైన్ అసలు లేకుండా, విడివిడి స్టాండలోన్ సర్వర్లతోనే క్లస్టర్ కట్టుకోవచ్చు, చాలామంది కట్టుకున్నారు కూడా.

ఇప్పుడు మీ అసలు సమస్య. డౌన్‌లోడ్ చేసుకున్న వైల్డ్‌ఫ్లైలో రెండు సర్వర్ గ్రూపులు ముందే ఉంటాయి. మెయిన్ సర్వర్ గ్రూప్ అనేది ఫుల్ ప్రొఫైల్‌తో వస్తుంది, అదర్ సర్వర్ గ్రూప్ అనేది ఫుల్-హెచ్‌ఏ ప్రొఫైల్‌తో వస్తుంది (హెచ్‌ఏ అంటే హై అవైలబిలిటీ, ఒక సర్వర్ పడినా పని ఆగకపోవడం). పేరులో మెయిన్ అని ఉంది కదా అని అందరూ మొదటిదాంట్లోనే అప్లికేషన్ పెడతారు. ఫుల్‌లో మెసేజింగ్ లాంటివి ఉంటాయి తప్ప క్లస్టర్‌కి కావాల్సిన జేగ్రూప్స్ (సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడేది) ఉండదు. డిఫాల్ట్ అనే ప్రొఫైల్‌లోనూ ఉండదు. హెచ్‌ఏ అన్న అక్షరాలున్న రెండు ప్రొఫైళ్లలోనే ఉంటుంది. మెసేజింగ్ మీకు అక్కర్లేకపోతే ఉత్త హెచ్‌ఏ చాలు, బరువు తక్కువ.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: ప్రొఫైల్‌తో పాటు సాకెట్ బైండింగ్ గ్రూపు (ఏ పేరుకి ఏ పోర్టు నంబరో చెప్పే జాబితా) కూడా మార్చాలి, హెచ్‌ఏ ప్రొఫైల్‌కి హెచ్‌ఏ సాకెట్లు. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే జేగ్రూప్స్ వెతికే పోర్టుల పేర్లు దొరకవు, ఎర్రర్ కొడుతుంది, అందుకే కమాండ్ లైన్లో రెండింటినీ ఒకే బ్యాచ్‌గా పంపడం మంచిది. నన్నడిగితే వచ్చిన గ్రూపుల జోలికి పోకుండా మీ పేరుతో కొత్త గ్రూపు ఒకటి పెట్టుకుని, పాతవి రెండూ తీసేయండి. ఆర్నెల్ల తర్వాత వచ్చే కొత్త కుర్రాడు "అదర్" అంటే ఏమిటో అని జుట్టు పీక్కోకుండా ఉంటాడు.

ఇంకోటి, డొమైన్ మోడ్‌లో మెషీన్‌కి రెండు సర్వర్లంటే జావా ప్రాసెస్‌లు రెండే ఉంటాయనుకోకండి. ప్రాసెస్ కంట్రోలర్ ఒకటి, హోస్ట్ కంట్రోలర్ ఒకటి, ఆపైన సర్వర్లు రెండు, వెరసి నాలుగు. మెమరీ లెక్క వేసేటప్పుడు ఆ రెండూ కలుపుకోండి.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి హైదరాబాదులో మిడిల్‌వేర్ అడ్మిన్ అట. రాత్రంతా మేలుకుంటాడు, పగలు పడుకుంటాడు, ఫోన్ చేస్తే "సర్వర్ డౌన్ అమ్మా" అని పెట్టేస్తాడు. ఆ పని ఏమిటో పెళ్లిచూపుల వాళ్లకి చెప్పడం రావట్లేదు. (తెనాలి)

జవాబు: అమ్మా, మనం ఫోన్లో రైలు టికెట్టో, కరెంటు బిల్లో కడతాం కదా. మనకు కనిపించే తెర ముందు ఉంటుంది, లెక్కలన్నీ దాచే డేటాబేస్ వెనక ఉంటుంది, ఈ రెండింటికీ మధ్య కూర్చుని పని జరిపించే యంత్రాల బాగోగులు మీవాడు చూస్తాడు. వాడు చూసుకునే కంపెనీ బహుశా అమెరికాలో ఉంటుంది, వాళ్లకి పగలంటే మనకి రాత్రి, అందుకే ఆ నిద్ర. పెళ్లివారికి "సాఫ్ట్‌వేర్" అనండి చాలు, అంతకంటే లోతుగా ఎవరూ అడగరు.

ప్రశ్న: అమీర్‌పేట్‌లో మిడిల్‌వేర్ కోర్సు చేస్తున్నాను సార్. వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్ మూడూ రెండు నెలల్లో అయిపోయాయి. అడ్మిన్ సర్వర్, డిప్లాయ్‌మెంట్ మేనేజర్, డొమైన్ కంట్రోలర్, ఈ మూడూ ఒకటేనా? నోడ్ మేనేజర్, నోడ్ ఏజెంట్ కూడా ఒకటేనా? ఇంటర్వ్యూలో అడుగుతారట. (కరీంనగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న విద్యార్థి)

జవాబు: అడుగుతారు తమ్ముడూ, తప్పకుండా అడుగుతారు, ఎందుకంటే అడిగేవాడు కూడా మైత్రీవనం మెట్లు ఎక్కి దిగినవాడే అయ్యుంటాడు.

నీ మొదటి ప్రశ్నకి జవాబు, పని ఒకటే, పేర్లు వేరు. వెబ్‌లాజిక్‌లో అడ్మిన్ సర్వర్, మామూలుగా 7001 పోర్టు. వెబ్‌స్ఫియర్ నెట్‌వర్క్ డిప్లాయ్‌మెంట్‌లో డిప్లాయ్‌మెంట్ మేనేజర్, మనవాళ్లు ముద్దుగా డీమేనేజర్ అంటారు, కన్సోల్ 9060, సెక్యూర్ అయితే 9043. వైల్డ్‌ఫ్లైలో డొమైన్ కంట్రోలర్, 9990. గ్లాస్‌ఫిష్ అనే ఇంకో సర్వర్ ఎక్కడైనా కనిపిస్తే అందులో 4848. అన్నీ అడ్మిన్ కూర్చునే కుర్చీలే. అయితే డొమైన్ అన్న మాట దగ్గర జాగ్రత్త. వెబ్‌లాజిక్‌లో డొమైన్ తప్పనిసరి, ఒక్క సర్వర్ ఉన్నా అది ఒక డొమైన్‌లోనే ఉండాలి. వైల్డ్‌ఫ్లైలో అది నీ ఇష్టం, వద్దనుకుంటే స్టాండలోన్. వెబ్‌స్ఫియర్ వాళ్లు దాదాపు అదే అర్థంలో సెల్ అంటారు.

రెండో ప్రశ్న దగ్గరే ఇంటర్వ్యూలో జారిపోతారు. నోడ్ మేనేజర్, నోడ్ ఏజెంట్ ఒకటి కావు. వెబ్‌లాజిక్ నోడ్ మేనేజర్ (5556 పోర్టు) సర్వర్‌ని లేపుతుంది, ఆపుతుంది, పడిపోతే మళ్లీ లేపుతుంది. కాన్ఫిగరేషన్ పంచిపెట్టే పని దానిది కాదు, ఆ మార్పులు అడ్మిన్ సర్వర్ నుంచి మేనేజ్డ్ సర్వర్లకు నేరుగా వెళ్తాయి. వెబ్‌స్ఫియర్ నోడ్ ఏజెంట్ అలా కాదు, డిప్లాయ్‌మెంట్ మేనేజర్ దగ్గరున్న అసలు కాపీని తన మెషీన్ మీదికి తెచ్చి సరిచూసుకోవడం కూడా దాని పనే, సింక్ చేశావా అని సీనియర్లు రోజుకి పదిసార్లు అడిగేది దాని గురించే. వైల్డ్‌ఫ్లై హోస్ట్ కంట్రోలర్ ఈ రెండు పనులూ చేస్తుంది. ఈ తేడా నీ మాటల్లో చెప్పగలిగితే చాలు, పోర్టు నంబర్లు అడగడం ఆపేస్తారు.

ఇంకో సంగతి, క్లస్టర్‌లో సర్వర్‌ని చేర్చినంత మాత్రాన సెషన్ కాపీ అవడం ఈ మూడింటిలో దేంట్లోనూ జరగదు. వెబ్‌లాజిక్‌లో అప్లికేషన్‌తో వచ్చే డిస్క్రిప్టర్‌లో (సెట్టింగుల ఫైలు) సెషన్ స్టోర్‌ని రెప్లికేటెడ్ ఇఫ్ క్లస్టర్డ్ అని పెట్టాలి. వెబ్‌స్ఫియర్‌లో సెషన్ మేనేజ్‌మెంట్ కింద మెమరీ టు మెమరీనో, డేటాబేస్‌నో ఎంచుకోవాలి. వైల్డ్‌ఫ్లై సంగతి కింద వచ్చే ఉత్తరంలో ఉంది.

ఈ మూడు ప్రోడక్టులనూ బద్ధశత్రువుల్లా చెబుతారు కోర్సుల్లో. వెబ్‌లాజిక్‌ని బీఈఏ అనే కంపెనీతో పాటు ఒరాకిల్ 2008లో కొనేసింది. జేబాస్‌ని రెడ్ హ్యాట్ 2006లో కొంది, ఆ రెడ్ హ్యాట్‌ని వెబ్‌స్ఫియర్ తయారుచేసే ఐబీఎం కొన్నది, 2019లో ఆ బేరం ముగిసింది, అంటే వెబ్‌స్ఫియర్, జేబాస్ ఇప్పుడు ఒకే ఇంటి పిల్లలు. కాబట్టి ఒకటి గట్టిగా నేర్చుకుని మిగతావాటి మీద అనువాదం చేసుకుంటూ పో.

ప్రశ్న: మేం హెచ్‌ఏ ప్రొఫైలే వాడుతున్నాం, సాకెట్లు కూడా హెచ్‌ఏవే. అయినా సెషన్ పోతోంది. లాగ్‌లో ఎర్రర్ ఒక్కటి కూడా లేదు. ఎర్రర్ ఉంటే వెతుక్కోవచ్చు, లేకపోతే ఏం వెతకాలి? (వైజాగ్. ఇదే ప్రశ్న బెంగళూరు, డాలస్ నుంచి కూడా వచ్చింది)

జవాబు: ఎర్రర్ లేకపోవడమే ఇక్కడ ఆనవాలు. అప్లికేషన్ వెబ్ డిస్క్రిప్టర్‌లో డిస్ట్రిబ్యూటబుల్ అనే ఖాళీ ట్యాగ్ ఒకటి ఉండాలి. ఒక్క ముక్క, లోపల ఏమీ రాయక్కర్లేదు. అది లేకపోతే వైల్డ్‌ఫ్లై మీ సెషన్లని ఆ ఒక్క సర్వర్ మెమరీలోనే ఉంచుతుంది. అంతటితో అయిపోదు, క్లస్టర్ కావాలని అడిగే అప్లికేషన్ ఒక్కటీ లేకపోతే క్లస్టర్ సర్వీసులు అసలు మొదలవ్వవు, అడిగినప్పుడే లేస్తాయి. అందుకే అంత శుభ్రమైన లాగ్. హెచ్‌ఏ పెట్టాం, లాగ్‌లో జేగ్రూప్స్ ఊసే లేదు అంటే తొంభై శాతం ఇదే (ఈ తొంభై నా అనుభవం లెక్క, ఎవరూ సర్వే చేయలేదు). అడ్మిన్లు ఈ ట్యాగ్ డెవలపర్ల పని అనుకుంటారు, డెవలపర్లు క్లస్టర్ అంటే అడ్మిన్ల పని అనుకుంటారు, మధ్యలో యూజర్ లాగౌట్ అవుతాడు.

ట్యాగ్ పెట్టాక లాగ్‌లో ఐఎస్‌పీఎన్000094 అన్న కోడ్‌తో కొత్త క్లస్టర్ వ్యూ వచ్చిందని ఒక లైన్ పడుతుంది, అందులో బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది. అది సభ్యుల సంఖ్య. రెండు సర్వర్లున్నా రెండు లాగ్‌లలోనూ 1 అనే ఉందంటే, ఎవరికి వారే యమునా తీరే, ఒకరికొకరు కనపడట్లేదు.

ఎందుకు కనపడవు? ముందు ఐపీ చూడండి. జేగ్రూప్స్ వాడేది పబ్లిక్ ఇంటర్‌ఫేస్ కాదు, ప్రైవేట్ అనే ఇంకో ఇంటర్‌ఫేస్, దానికి ఏమీ చెప్పకపోతే 127.0.0.1 (మెషీన్ బయటికి కనపడని అడ్రస్) మీద కూర్చుంటుంది. అంటే ఒకే మెషీన్ మీదున్న రెండు సర్వర్లు హాయిగా కలిసిపోతాయి, ల్యాప్‌టాప్‌లో డెమో అద్భుతంగా నడుస్తుంది, రెండు మెషీన్లకు వెళ్లగానే చీకటి. సర్వర్‌కి బైండ్ అడ్రస్ ఇచ్చాం కదా అంటారు, ఆ ఇచ్చింది పబ్లిక్‌కి. ప్రైవేట్‌కి విడిగా ఇవ్వాలి. మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్‌కీ ఇదే జబ్బు, అదీ మొదట్లో 127.0.0.1 మీదే ఉంటుంది, పక్క మెషీన్ నుంచి హోస్ట్ కంట్రోలర్ వచ్చి డొమైన్ కంట్రోలర్ తలుపు కొడితే ఎవరూ తీయరు.

ఐపీ సరిగానే ఉంటే తర్వాత మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా మెషీన్లకు వినపడేలా సందేశం పంపే పద్ధతి). వైల్డ్‌ఫ్లై సర్వర్లు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి మామూలుగా 230.0.0.4 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కి కేకేస్తాయి. మామూలు క్లౌడ్ నెట్‌వర్కుల్లో ఆ కేక వినపడదు. ఆఫీసు స్విచ్‌లలో కూడా నెట్‌వర్క్ టీం మూసేసి ఉండొచ్చు. జేగ్రూప్స్ జార్ లోపలే మల్టీకాస్ట్ పంపడానికి ఒకటి, అందుకోడానికి ఒకటి, రెండు చిన్న టెస్ట్ ప్రోగ్రాములుంటాయి. ఒక మెషీన్ మీద ఒకటి, రెండోదాని మీద ఇంకోటి నడిపి చూడండి, ఇక్కడ టైప్ చేసింది అక్కడ పడకపోతే నెట్‌వర్క్ టీంకి చూపించడానికి సాక్ష్యం చేతిలో ఉన్నట్టే. మల్టీకాస్ట్ ఇక లేదంటే టీసీపీ స్టాక్‌కి (నేరుగా ఒకరి నుంచి ఒకరికి పంపే పద్ధతి) మారి, టీసీపీపింగ్‌లో సభ్యుల చిరునామాలు రాసిపెట్టాలి. పోర్టు 7600. కానీ డొమైన్‌లో పోర్ట్ ఆఫ్‌సెట్లు (సర్వర్ పోర్టులన్నింటికీ కలిపే అంకె) ఉంటాయి కదా, సర్వర్-టూకి 150 ఆఫ్‌సెట్ ఉంటే దాని వెబ్ పోర్టు 8230 అయినట్టే జేగ్రూప్స్ పోర్టు కూడా 7750 అవుతుంది, ఫైర్‌వాల్ టికెట్ రాసేటప్పుడు అది మర్చిపోయి మళ్లీ రెండ్రోజులు అప్రూవల్ కోసం కూర్చున్నవాళ్లని చూశాను. చిరునామాల జాబితా తరచూ మారుతుంటే జేడీబీసీపింగ్ నయం, సభ్యులు తమ పేర్లు డేటాబేస్ టేబుల్లో రాసుకుంటారు.

ఇవన్నీ దాటి బ్రాకెట్లో 2 వచ్చినా సెషన్ పోతుందంటే, సెషన్‌లో పెట్టిన ఆబ్జెక్టులు సీరియలైజ్ (ఇంకో సర్వర్‌కి పంపడానికి వీలుగా బైట్లుగా మారడం) అవ్వట్లేదేమో చూడండి. ఈసారి మాత్రం లాగ్‌లో ఎర్రర్ దండిగా ఉంటుంది. మరో మాట, ప్రతి సెషన్ అన్ని సర్వర్లకూ కాపీ అవుతుందనుకోకండి. డిస్ట్రిబ్యూటెడ్ క్యాష్‌లో మామూలుగా రెండు కాపీలే ఉంటాయి. ఆరు సర్వర్లలో ఆ రెండూ ఒకేసారి పడిపోతే ఆ సెషన్ పోయినట్టే. మెషీన్‌కి రెండు సర్వర్లున్నవాళ్లు మెషీన్ మొత్తం పోతే ఏమవుతుందో ఆలోచించుకోవాలి.

ప్రశ్న: డొమైన్ కంట్రోలర్ ఉన్న మెషీన్ పోతే అప్లికేషన్ మొత్తం ఆగిపోతుంది కదా? అలాంటప్పుడు అన్నీ ఒకచోట పెట్టడం తెలివైన పనేనా? మా మేనేజర్ ఒప్పుకోవట్లేదు. (వరంగల్)

జవాబు: ఆగదు. డిపో మేనేజర్ సెలవు పెడితే రోడ్డు మీదున్న బస్సులు ఆగుతాయా? నడుస్తున్న సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, క్లస్టర్ కూడా నడుస్తుంది, ఎందుకంటే సర్వర్లు సెషన్ల గురించి తమలో తాము మాట్లాడుకుంటాయి తప్ప డొమైన్ కంట్రోలర్‌ని అడగవు. ఆగేది మార్పులు. కొత్త డిప్లాయ్‌మెంట్ (అప్లికేషన్ ఎక్కించడం) కుదరదు, కాన్ఫిగరేషన్ మార్చడం కుదరదు.

ప్రమాదం ఇంకోచోట ఉంది, అది నేను నా చేతులారా చేసుకున్నాను కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట, రాత్రి రెండున్నరకి డొమైన్ కంట్రోలర్ మెషీన్లో డిస్క్ నిండిపోయి అది పడిపోయింది. కన్సోల్ రావట్లేదు, బ్రిడ్జ్ కాల్‌లో (అందరూ కలిసే కాన్ఫరెన్స్ కాల్) పదిహేనుమంది, అందరూ మాట్లాడుతున్నారు. యూజర్లకి ఏ ఇబ్బందీ లేదు, ఒక్క ఫిర్యాదూ లేదు, ఆ మాట ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలి కదా, పక్క మెషీన్లో సర్వీస్ రీస్టార్ట్ కొట్టాను. సర్వీస్ ఆపితే హోస్ట్ కంట్రోలర్‌తో పాటు దాని కింది సర్వర్లు కూడా ఆగుతాయి. మళ్లీ లేచిన హోస్ట్ కంట్రోలర్ కాన్ఫిగరేషన్ కోసం డొమైన్ కంట్రోలర్‌ని వెతికింది, అది లేదు, ఇది లేవలేదు. అప్పటిదాకా బాగున్న సగం సైటుని నేనే పడగొట్టాను. తెల్లారి రిపోర్టులో మూలకారణం డిస్క్ అని రాశారు, అది మా టీమ్ లీడర్ మంచితనం.

కాబట్టి డొమైన్ కంట్రోలర్ పోయినప్పుడు మిగతా మెషీన్ల మీద ఏ సర్వీసూ ముట్టుకోవద్దు, దాన్నే లేపే పని చూడండి. ముందుజాగ్రత్తగా హోస్ట్ కంట్రోలర్లని బ్యాకప్ ఆప్షన్‌తో స్టార్ట్ చేస్తే డొమైన్ కాన్ఫిగరేషన్ కాపీ ఒకటి తమ దగ్గర దాచుకుంటాయి, తర్వాత డొమైన్ కంట్రోలర్ లేకపోయినా క్యాష్డ్-డీసీ ఆప్షన్‌తో ఆ కాపీ మీద లేవగలవు. అవసరమైతే అలాంటి ఒక మెషీన్‌నే కొత్త డొమైన్ కంట్రోలర్‌గా మార్చుకోవచ్చు. కాన్ఫిగరేషన్ ఫోల్డర్ లోపలే పాత వెర్షన్లు దాచే హిస్టరీ ఫోల్డర్ ఉంటుంది, ఎవరో ఏదో మార్చి చెడగొట్టినప్పుడు అది ప్రాణం పోస్తుంది, కానీ అదీ అదే డిస్క్ మీద ఉంటుందని మరవకండి. డొమైన్ కంట్రోలర్ మెషీన్ మీద అప్లికేషన్ సర్వర్లు పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది. దాని పని చాలా తక్కువ, చిన్న మెషీన్ సరిపోతుంది. మీ మేనేజర్‌కి ఈ చివరి వాక్యం ముందు చూపించండి, ఖర్చు తక్కువంటే వింటారు.

ప్రశ్న: మా టెస్ట్ సర్వర్ ప్రొడక్షన్ క్లస్టర్‌లో చేరిపోయింది. నమ్మండి, మేం చేర్చలేదు. (చెన్నై)

జవాబు: నమ్ముతున్నాను. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి, రెండింటికీ అదే 230.0.0.4, అదే పోర్టు, అదే క్లస్టర్ పేరు. మార్చకుండా వదిలేశారు కాబట్టి పాపం అది చుట్టాల్ని చూసినట్టు వెళ్లి కలిసిపోయింది. ప్రొడక్షన్ సర్వర్ గ్రూపుకి, టెస్ట్ గ్రూపుకి వేరువేరు మల్టీకాస్ట్ అడ్రస్‌ని సిస్టమ్ ప్రాపర్టీగా ఇవ్వండి. సర్వర్ల ముందు అపాచీ వెబ్ సర్వర్ పెట్టి మాడ్‌క్లస్టర్ (యూజర్లని సర్వర్లకు పంచేది) వాడుతుంటే దాని ప్రకటనలు 224.0.1.105 మీద, 23364 పోర్టులో వేరుగా పోతుంటాయి, అదీ మార్చాలి, లేదంటే ఈసారి ప్రొడక్షన్ యూజర్లు టెస్ట్ సర్వర్‌కి వస్తారు. అసలు టెస్ట్‌నీ ప్రొడక్షన్‌నీ ఒకే నెట్‌వర్క్‌లో ఎవరు పెట్టారన్నది నేను అడగను, మీ ఆడిటర్ అడుగుతాడు.

ప్రశ్న: నాలుగు సర్వర్ల గ్రూపు మాది. కన్సోల్ నుంచి కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసినప్పుడల్లా ఒక నిమిషం పాటు ఎవరికీ సైట్ రావట్లేదు. క్లస్టర్ ఉండి ఏం లాభం? (హైదరాబాద్, గచ్చిబౌలి)

జవాబు: ఒకచోట నొక్కితే నాలుగు చోట్లా జరగాలని మీరే కోరుకున్నారు, అది నాలుగు చోట్లా ఒకేసారి జరుగుతోంది. రోలౌట్ ప్లాన్ (ఏ సర్వర్ ఏ వరసలో మారాలో చెప్పేది) ఏదీ ఇవ్వకపోతే గ్రూపులోని సర్వర్లన్నీ ఒకేసారి మారతాయి. కమాండ్ లైన్ నుంచి చేస్తే రోలౌట్ హెడర్‌లో రోలింగ్ టు సర్వర్స్ అన్నది ట్రూ అని ఇవ్వొచ్చు, అప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తుంది. ఎన్ని సర్వర్లు ఫెయిలైతే వెనక్కి రావాలో కూడా అందులోనే చెప్పొచ్చు. కొత్త వెర్షన్లో సెషన్‌లోని క్లాసులు మారి ఉంటే మాత్రం సగం పాతవి, సగం కొత్తవి ఒకే క్లస్టర్‌లో మాట్లాడుకోలేక గొడవపడతాయి. అలాంటి రిలీజ్‌కి రెండు సర్వర్ గ్రూపులు పెట్టుకుని, కొత్తదాంట్లో డిప్లాయ్ చేసి, చూసుకుని, లోడ్ బ్యాలెన్సర్ దగ్గర యూజర్లను మళ్లించడమే నేను చేసే పద్ధతి. మెషీన్లు ఎక్కువ కావాలి, నిజమే. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి డౌన్‌టైమ్ తీసుకుని కాఫీ తాగుతూ చేసేవాళ్లు కూడా ఉన్నారు, అందులో సిగ్గేమీ లేదు.

ప్రశ్న: ఒకే వీఎంని (వర్చువల్ మెషీన్) క్లోన్ చేసి మూడు చేశాం. మొదటిది డొమైన్‌లో చేరింది, మిగతావి చేరట్లేదు. (రాజమండ్రి)

జవాబు: మూడింటికీ హోస్ట్ పేరు ఒకటే అయ్యుంటుంది. ఆ పేరుతో ఒకరు ముందే ఉన్నారని డొమైన్ కంట్రోలర్ రెండోవాణ్ణి గుమ్మంలోనే ఆపుతుంది. వైల్డ్‌ఫ్లై host.xml ఫైలులో పేర్లు మార్చండి.

ప్రశ్న: అందరూ కుబర్నెటిస్ అంటున్నారు. ఈ డొమైన్ మోడ్ ఇప్పుడు నేర్చుకోవడం దండగేనా అన్నా? (న్యూజెర్సీలో ఉంటున్న గుంటూరు పాఠకుడు)

జవాబు: కుబర్నెటిస్ నడిపించే కంటైనర్లలో (అప్లికేషన్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన పెట్టెలు) డొమైన్ మోడ్ వాడరు, అది నిజం. ఓపెన్‌షిఫ్ట్ (రెడ్ హ్యాట్ వారి కుబర్నెటిస్) కోసం రెడ్ హ్యాట్ ఇచ్చే జేబాస్ ఈఏపీ (వైల్డ్‌ఫ్లైకి రెడ్ హ్యాట్ అమ్మే రూపం) ఇమేజ్‌లలో డొమైన్‌కి సపోర్ట్ కూడా లేదు, ప్రతి పాడ్‌లోనూ (కంటైనర్ నడిచే చిన్న యూనిట్) ఒక స్టాండలోన్ సర్వర్ ఉంటుంది, ఎన్ని కాపీలు నడవాలి, పడిపోతే ఎవరు లేపాలి, కాన్ఫిగరేషన్ ఎలా చేరాలి అన్నది ప్లాట్‌ఫారమ్ చూసుకుంటుంది. అంటే డిపో మారింది. కానీ రెండో కండక్టర్‌కి టికెట్ సంగతి ఎవరు చెబుతారన్నది అలాగే ఉంది. అక్కడా హెచ్‌ఏ కాన్ఫిగరేషన్ కావాలి, అక్కడా అదే జేగ్రూప్స్, కాకపోతే మల్టీకాస్ట్ బదులు కూబ్‌పింగో, డీఎన్ఎస్‌పింగో పెడతారు. డిస్ట్రిబ్యూటబుల్ ట్యాగ్ మర్చిపోతే అక్కడా లాగ్ శుభ్రంగానే ఉంటుంది. మీ క్లయింటు బ్యాంకో, ఇన్సూరెన్స్ కంపెనీయో అయితే పాత డొమైన్లు ఇంకా చాలాకాలం మీ షిఫ్టులోనే ఉంటాయి. ముందు క్లస్టర్ నేర్చుకోండి, డొమైన్‌కి ఒక వారాంతం చాలు.